చింతపండు తడవకూడదు

పొద్దుటినుంచి టక్కుటక్కుమని మోగుతున్న కర్రలు ఒక్కసారిగా ఆగిపోయాయి! పళనియమ్మాళ్ ఇంటి అరుగు మీద చింతపండు కొడుతున్న ఎనిమిదిమంది ఆడవాళ్ళూ చేతులు ఎక్కడివక్కడే ఉంచి గడపవైపు చూశారు. గడపలో కూర్చున్నది ఆ ఇంటి కోడలు అముద. ఒళ్ళో తొమ్మిది రోజుల ఆడపిల్ల. ముఖం కందిపోయి ఉంది గాని, అన్న మాట వెనక్కు తీసుకొనే ఉద్దేశం మాత్రం ఆ ముఖంలో ఏ కోశానా లేదు.

ఇంతకూ ఆ కోడలుపిల్ల అన్నదేమిటంటే...

అరవదేశంలో, ధర్మపురి జిల్లా పిక్కిలి దాటి కొండవైపు నడిస్తే వచ్చే ముప్పై ఇళ్ళ ఊరది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఏ కాలంలో ఎక్కడినుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు ఊరంతా వెతికినా ఒక్కరూ దొరకరు. కూలిపనులు చేసుకొని బతికే మనుషులు. ఎండాకాలం వచ్చిందంటే చింతచెట్లు దులుపుతారు, కాయ ఎండబెడతారు, ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద చేరి పెంకులు తీసి, గింజలు కొట్టి పండు వేరుచేస్తారు. ఆ పని సాగుతున్నప్పుడే వేడియప్పన్ సామి పండుగ వస్తుంది. మొగవాళ్ళు చేతికి పసుపుదారం కట్టుకొంటారు. దాన్నే కాప్పు కట్టడం అంటారు. కాప్పు కట్టిన ఎనిమిది రోజులూ ముట్టైన ఆడవాళ్ళు, బాలింతలు ఊళ్ళో ఉండకూడదు. ఊరి చివర, పండు ఎండబెట్టే పెద్ద బండపక్కన ఒక గుడిసె ఉంది. అందులో పోయి ఉండాలి. మామూలు రోజుల్లో ఇప్పుడెవరూ పోవడం లేదు, కాలం మారింది. కాని ఆ ఎనిమిది రోజులు మాత్రం మారలేదు.

ఆ గుడిసెను తిట్టని ఆడది ఊళ్ళో లేదు! చింతపండు కొట్టేటప్పుడు ఏటేటా జరిగే కచేరీయే అది. అందరిలోకీ పెద్ద గొంతు పళనియమ్మాళ్‌ది. ఉండదా మరి! ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆమె మొదటి కాన్పు బిడ్డ, ఆడపిల్ల, ఆ గుడిసెలోనే నాలుగోరోజు వానలో తడిసి, చలిపట్టి, పేరైనా పెట్టకముందే పోయింది. పేరు పెట్టి పిలిచి ఏడ్వడానికి కూడా ఆ బిడ్డకు పేరు లేదు!

తెల్లవారితే కాప్పు కడతారనగా, ఆ రోజు కూడా ఆమే మొదలుపెట్టింది. "మన మొగవాండ్లకు సామి అంటే భయం లేదే, మనమంటే అలుసు. నా బిడ్డను మింగింది ఆ గుడిసె. మనవాండ్లకు బుద్ధి ఎప్పుడు వస్తుందో..." అన్నది. ఆడవాళ్ళంతా అవునంటే అవునన్నారు. ఒకామె ఊరిపెద్ద సుబ్బరాయన్ నడకను అనుకరించి చూపించింది. అందరూ పకపకా నవ్వారు.

అప్పుడన్నది అముద. "అవును అత్తే. మీవాండ్లకు బుద్ధే లేదు. ఒక బిడ్డ పోయినాంక కూడా అదే గుడిసెలోకి నా పాపను పంపిస్తారా? ఏమి మనుషులు మీరంతా! నేను పోను."

చూడండి, మాటకు మాట తేడా ఏమీ లేదు. పది నిమిషాల కిందట అత్త అన్నదే కోడలు అన్నది. 'మన' అన్నచోట 'మీ' అన్నది, అంతే! ఆ ఒక్క మాటకే కర్రలు ఆగిపోయాయి. నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి.

పళనియమ్మాళ్ చివాలున లేచింది. ఒళ్ళో ఉన్న చింతపెంకులన్నీ కిందపడ్డాయి.

"మావాండ్లను అనేదానికి నువ్వెవరే? మొన్న వచ్చినదానివి! మా ఊరు, మా సామి, మా ఆచారం... నచ్చితే ఉండు, లేదంటే నీ ఊరికి పో!"

అన్న తరువాత గాని ఆమెకు తట్టలేదు. నీ ఊరికి పో, అన్నది ఎవరిని? కడత్తూరులో బట్టలకొట్లో పనిచేసే అరవపిల్ల అముద. తన కొడుకు సెంతిల్‌ను ఇష్టపడి చేసుకొన్నందుకు కన్నవాళ్ళు ఏడాదిన్నరగా మాట్లాడడం లేదు. పుట్టింట్లో జరగాల్సిన మొదటి కాన్పు కూడా అందుకే అత్తింటినుంచే జరిగింది. ధర్మపురి ఆసుపత్రిలో నొప్పులు పడుతూ ఆ పిల్ల పట్టుకొన్నది పళనియమ్మాళ్ చేయినే... అలాంటి పిల్లకు పోవడానికి ఊరెక్కడుంది?

కాని అముద బతిమాలలేదు, ఏడవలేదు. లోపలికి పోయి బిడ్డబట్టలు మూటకట్టింది. సాయంత్రం సెంతిల్ తన మినీలారీలో వచ్చాడు. సంగతి విన్నాడు. తల్లి ముఖంలోకి చూడకుండా అన్నాడు.

"ఏమ్మా, నువ్వే ఇట్ల మాట్లాడితే ఇంక నేను ఎవరికి చెప్పేది?"

అంతే! లారీ కదిలిపోయింది. పసిబిడ్డ గుక్కపెట్టి ఏడ్చిన ఏడుపు మలుపు తిరిగేదాకా వినిపించింది.

మరునాడు కాప్పు కట్టారు. ఊరంతా వేపాకు తోరణాలు, డప్పులు. పళనియమ్మాళ్ ఇంట్లో పొయ్యి కూడా సరిగా వెలగలేదు. కడత్తూరులో అముద తల్లి చిన్నత్తాయి బిడ్డను చూడగానే ఏడ్చి లోపలికి తీసుకొన్నదని సెంతిల్ ఫోనులో చెప్పాడు. "అంతవరకు మేలు" అనుకొన్నది గాని మనసు కుదుటపడలేదు. అన్నది తప్పని తెలుసు. అయినా లోపల ఒక మూల ఇంకా మంట! ఎంత మాటన్నది... ఏమి మనుషులు మీరంతా, అంటుందా!

"ఏమయ్యా, నేను తప్పు అన్నానా? మనవాండ్లను అంత మాట అంటే ఊరుకోవాలా?" అని మొగుణ్ణి అడిగింది.

మాదేశన్ మాటలు తక్కువ మనిషి. ఆనాడు బిడ్డను గుడ్డలో చుట్టి మోసుకొనిపోయింది ఆయనే. ఆ తరువాత ఒక్కనాడైనా ఆ సంగతి ఎత్తినవాడు కాడు. అరుగు మీద కూర్చొని చేతికున్న పసుపుదారాన్ని తిప్పుకొన్నాడు.

"ఆ పిల్ల అనిన మాట నీదే కదే, పళనీ. ఇరవై ఎనిమిదేండ్లుగా నేను వింటా ఉండా."

పళనియమ్మాళ్ చీపురు అందుకొన్నది. నిజమే! మరి తన మాటే తనకు అంత కాలిందెందుకు? పెంకులు ఊడ్చుతూ, నీళ్ళు మోస్తూ అదే ఆలోచించింది. తను తిట్టినప్పుడు తానూ ఆ తిట్టులో ఉన్నది, ఇంటిమనిషి ఇల్లు కారుతోందని అన్నట్టు. బయటిపిల్ల అన్నప్పుడు తనను కూడా ఆ మొగవాళ్ళ పక్కన నిలబెట్టి అన్నట్టయింది... అంతేనా? అంతే అయితే ఇంత మంట ఎందుకు? ఆమె చేతిలోని చీపురు ఆగిపోయింది. అముద 'నేను పోను' అన్నది. తను ఆనాడు అనలేదు! పొమ్మంటే పోయింది. వాన కురుస్తుంటే, బిడ్డ నీలిగిపోతుంటే, నాలుగడుగులు నడిచి ఇంటికి రావడానికి భయపడి అక్కడే కూర్చొన్నది. ఆచారం తప్పైతే, దానికి తలవంచిన తల్లి ఏమవుతుంది? అముద మాట నిజమని ఒప్పుకొంటే తన బిడ్డను ఎవరు చంపినట్టు? అమ్మో...! చీపురు పడేసింది. అముద ముందు తను ఊరిని వెనకేసుకొచ్చింది ఊరికోసం కాదని ఆ క్షణాన ఆమెకు తెలిసింది.

మూడోనాడు తెల్లవారగానే తలకు నీళ్ళు పోసుకొని బయలుదేరింది. మాదేశన్ వెనకే వచ్చాడు. "పాపకు కాచిన ఆముదం తీసుకొనిపో" అన్నాడు. ఎప్పుడు కాచిపెట్టాడో ఏమో, చిన్న సీసా చేతికిచ్చాడు.

పాపారపట్టిలో ఒక బస్సు మారి, ధర్మపురిలో ఇంకొకటి మారి, కడత్తూరు చేరేసరికి పది దాటింది. చిన్నత్తాయి వియ్యపురాలిని గడపలోనే నిలబెడుతుందేమోనని పళనియమ్మాళ్ దారంతా భయపడింది. కాని ఆమె చాప వేసి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అముద మాత్రం తలెత్తలేదు. బిడ్డకు పాలిస్తూ గోడవైపు తిరిగి కూర్చొన్నది.

పళనియమ్మాళ్ మజ్జిగ తాగుతూ బిడ్డనే చూసింది. చిన్నత్తాయి అరవంలో గోడు మొదలుపెట్టింది. "ఏం చెప్పేది వదినా! బిడ్డ వచ్చి మూడు రోజులయింది. మావాళ్ళలో ఒక్కరు తొంగిచూడలేదు. మొగపిల్లవాడైతే ఈపాటికి ఇల్లు నిండిపోయేది. ఆడపిల్ల అంటే మావాళ్ళకు అంత చులకన."

సాయం పలుకుదామనుకొన్నది పళనియమ్మాళ్, పాపం! "నిజమే వదినా, మీవాండ్లు అట్లే అని నేనూ విన్నాను. మాలో ఎన్ని ఉన్నా ఇది మాత్రం లేదు. ఆడబిడ్డ పుడితే ఊరంతా వచ్చి చూస్తారు."

అముద గిర్రున తిరిగింది. "అత్తే! మావాండ్లను ఏమీ అనొద్దు. మా పెద్దమ్మకు కాలు బాగలేదు. మామ తిరుప్పూరులో ఉండాడు. తెలియకుండా మాట్లాడొద్దు."

చిన్నత్తాయి ముఖం కూడా ముడుచుకుపోయింది. "ఎక్కడో ఒకరిద్దరు అలా ఉంటారు. అందరినీ కలిపి అంటే ఎలా?" అన్నది.

మజ్జిగచెంబు పళనియమ్మాళ్ చేతిలోనే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమెకు బాగా తెలిసిన నిశ్శబ్దమే! మూడు రోజుల కిందట తన అరుగు మీద కర్రలు ఆగినప్పుడు విన్నదే! ఆమె కోడలివైపు చూసింది. అముద కూడా అప్పుడే అత్తవైపు చూసింది. తాను ఇప్పుడు అన్న మాట ఎవరి గొంతులో ముందు విన్నదో ఆ పిల్లకు తట్టినట్టుంది. పెదవి బిగించి నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. పళనియమ్మాళ్‌కూ నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది!

"నన్ను చూడు పాపా... నువ్వు అనింది తప్పు కాదు. నేనే రోజూ అనే మాట. నువ్వు అంటే ఎందుకు కాలిందో తెలుసునా? నువ్వు పోను అనినావు. నేను పోయినాను. అట్లయితే నా బిడ్డను నేనే..."

"వద్దత్తే!" అముద బిడ్డను చాపమీద పడుకోబెట్టి దగ్గరకు జరిగింది. "అప్పుడు మీ వయసెంత?"

"పద్దెనిమిది."

"నాకు ఇరవై ఆరు. చదువుకొన్నాను. మొగుడు నా మాట వింటాడు. అందుకే పోను అనగలిగినాను. మీకు ఎవరుండారు అత్తే అప్పుడు?" ఆ పిల్ల కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "మీ బిడ్డ మాట అందరి ముందర ఎత్తినాను. అది నా తప్పు, మన్నించండి. గుడిసె మాట మాత్రం తప్పు కాదు. నేను వస్తాను. కాని వస్తే నా పాపతో ఇంట్లోకే వస్తాను."

"కాప్పు విప్పేదాకా ఉండి, తరువాత రారాదా?" అని చిన్నత్తాయి మెల్లగా అన్నది.

"అట్ల వస్తే వచ్చే ఏడు మళ్ళీ ఇదే కదమ్మా" అన్నది అముద.

 ఇంట్లోకే రా అని పళనియమ్మాళ్ అనడానికి ఊరు ఆమె ఒక్కతెదీ కాదు. బిడ్డ అరికాళ్ళకు ఆముదం రాసి, నుదురు ముద్దుపెట్టుకొని బస్సెక్కింది.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. కొండమీద మబ్బు నల్లగా పట్టింది. బండమీద ముప్పై ఇళ్ళ చింతపండూ ఎండుతోంది. ఉన్నట్టుండి గాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి! డప్పులు ఆపేసి ఊరంతా పరుగులు! చింతపండు తడిసిందంటే నల్లబడిపోతుంది, ఎవరూ ముట్టరు, ఎండాకాలమంతా పడ్డ కష్టం బురదపాలు. పళనియమ్మాళ్ కూడా చేతిసంచి నడుముకు చెక్కుకొని ఒక గంప నింపింది. ఊళ్ళోకి పరుగెత్తేలోగా పండు తడిసిపోతుంది. బండపక్కనే గుడిసె ఉంది. ఏమీ ఆలోచించలేదు, గంప నెత్తికెత్తుకొని అటు నడిచింది.

"ఆడ వద్దమ్మో!" వెనకనుంచి సుబ్బరాయన్ కేకపెట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, గుండెలు బాదుకొంటూ అడ్డం వచ్చాడు. "ఆ గుడిసెలో పెట్టొద్దు! పైకప్పు అంతా కారతాది. కింద చెమ్మ. పండు ఒక్క గడియలో పాడైపోతుంది!"

పళనియమ్మాళ్ ఆగింది. గంపను మెల్లగా దించి, తన కొంగు తీసి దానిమీద కప్పింది. సుబ్బరాయన్ అంటు అనలేదు, మైల అనలేదు. ఆ పెద్దమనిషి నోట మొదట వచ్చింది కారుతుందన్న మాట!

"మామా... కారతాదని నీకు తెలుసునా?"

"తెలీకేమి? ఎన్నో ఏండ్లుగా కారతా ఉండాది."

"చింతపండు పాడైపోతుందా మామా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. ఎప్పుడూ అరుగు మీద వినిపించే గొంతు కాదది. "ఇరవై ఎనిమిదేండ్ల ముందు పసిబిడ్డతో నన్ను ఈడికే పంపించినారే... ఆ పొద్దు కూడా ఇట్లే వాన. కారతాదని ఆ పొద్దు ఒక్కరూ చెప్పలేదే! చింతపండు తడవకూడదు. బిడ్డ తడవచ్చునా?"

పరుగెత్తుతున్న మనుషులు ఒక్కొక్కరే నిలబడిపోయారు. సుబ్బరాయన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏమమ్మా ఇది... ఆ బయటిపిల్ల మాటలు నేర్చుకొని మనవాండ్లనే మనం తక్కువ చేసుకొంటే ఎట్ల? నలుగురు వింటే నవ్వరా?"

"బయటిపిల్ల మాట కాదు మామా, నా మాట. నేను పుట్టింది ఈడే, మెట్టింది ఈడే. నా బిడ్డ మట్టి కూడా ఈడనే ఉండాది. ఇన్నేండ్లు ఆడవాండ్ల నడుమ అరుగు మీద మాత్రం అన్నాను, మీ ముందర అననే లేదు. అది నా తప్పు. ఆ పిల్ల నా తప్పును చూపించింది, అంతే. నా మనవరాలు రేపు వస్తుంది. నా ఇంట్లోకే వస్తుంది. సామికి కోపమొస్తే నన్ను అడగమను, నేనే చెప్పుకొంటా!"

 వాన పడుతూనే ఉంది. అప్పుడు సుబ్బరాయన్ భార్య లక్ష్మమ్మాళ్ ముందుకు వచ్చింది. మొగుడి ఎదుట గొంతెత్తి ఎరుగని ముసలామె. ఇద్దరు బిడ్డలను కని ఆ గుడిసెలో గడిపిన మనిషి.

"కారింది" అన్నది ఆమె, గుడిసెవైపు చూస్తూ. "నేనుండినప్పుడు కూడా కారింది. బిడ్డమీద వంగి కూర్చొని ఉంటిని."

"కారింది" అన్నది వెనకనుంచి ఇంకొకామె. "నాకూ..." అన్నది మరొకతె. వానలో తడుస్తూ నిలబడ్డ మొగవాళ్ళలో ఒక్కడైనా తలెత్తలేకపోయాడు. మాదేశన్ ఎప్పుడు వచ్చాడో, ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన చెంపలమీద ఉన్నది వాననీళ్ళో కన్నీళ్ళో చెప్పడం కష్టం.

సుబ్బరాయన్ గంపవైపు చూశాడు. వంగి, ఆ గంపను తన భుజాన ఎత్తుకొన్నాడు. "మా ఇంట్లో పెడదాం పదండి" అన్నాడు.  గుడిసె సంగతి ఔననలేదు, కాదననూ లేదు.

మరునాడు సెంతిల్ మినీలారీ ఊళ్ళోకి వచ్చింది. కాప్పు విప్పడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ప్రతి గడపలోనూ మనుషులు నిలబడి చూశారు. అముద బిడ్డతో దిగింది. పళనియమ్మాళ్ బిడ్డను అందుకొని, దిష్టి తీసి, కుడికాలు ముందు పెట్టి ఇంట్లోకి నడిచింది. ఆ నాలుగడుగులూ! ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నడవలేకపోయిన ఆ నాలుగడుగులూ ఇప్పుడు నడిచింది ఆమె! సుబ్బరాయన్ తన వాకిట్లోనుంచి చూశాడు. అడ్డం రాలేదు. పలకరించనూ లేదు, లోపలికి పోయాడు. సాయంత్రం లక్ష్మమ్మాళ్ మాత్రం బాలింతకని వెల్లుల్లికారం దంచి తెచ్చింది.

సామికి కోపం వచ్చినట్టేమీ కనబడలేదు. పండుగ జరిగింది, కాప్పు విప్పారు. ఊళ్ళో ఇద్దరుముగ్గురు ఇప్పటికీ పళనియమ్మాళ్ ఇంటి నీళ్ళు తాగడం లేదు. గుడిసెను ఎవరూ పడగొట్టలేదు, కప్పు వేయనూ లేదు. వచ్చే ఏడు ఏమవుతుందో వచ్చే ఏడు చూడాలి.

పండు కొట్టడం మళ్ళీ మొదలయింది. అరుగు మీద అవే కర్రలు, అదే టక్కుటక్కు. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. జీవా అని పేరు పెట్టారు. ఈసారి అముద గడపలో కాదు, అత్తపక్కన కర్ర పట్టుకొని కూర్చొన్నది. ఒకామె తన మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది, చెంబెడు నీళ్ళు కూడా తనకు తాను ముంచుకోడని. అందరూ నవ్వారు.

"అవును" అన్నది అముద గింజ కొడుతూ. "మీవాండ్లు నీళ్ళు ముంచుకోరు, తిన్న కంచం తీయరు..."

కర్రలు ఆగిపోయాయి. అలవాటు అంత సులభంగా పోతుందా? పళనియమ్మాళ్ చేయి కూడా ఆగింది. లోపల ఎక్కడో చురుక్కుమన్నది, అబద్ధమెందుకు! ఆమె ఉయ్యాలవైపు ఒకసారి చూసింది. కర్ర ఎత్తి గింజమీద ఒక్క దెబ్బ వేసింది.

"చేతులు ఆడనీండే, పని చూడండి" అన్నది అందరితో. తరువాత కోడలివైపు తిరిగింది. "ఊఁ, చెప్పు పాపా. ఇంకా ఏమేమి చేయరు మనవాండ్లు?"